కష్టకాలంలో గుర్రపుస్వారీయా?

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది" అని మనకో సామెత ఉంది. ఇళ్ళలోనూ, బళ్ళలోనూ, కచేరీల్లోనూ పెద్దరికం చలాయించేవారు ఈ సామెతను ఎంతగా వాడుకున్నారో చెప్పనలవి కాదు. ఇందులో సగమే నిజమని నా అభిప్రాయం. ఇది పుస్తకాలు చదివి ఏర్పరచుకున్నది కాదు. ఎనిమిది నెలలపాటు ప్రతి శనివారం ఉదయం ఒక గుర్రం మీద కూర్చొని, దాన్ని ఇరవై మీటర్ల వలయంలో వంకర లేకుండా నడపడం నేర్చుకుంటూ ఏర్పరచుకున్నది. ఆ ఎనిమిది నెలలూ మా ఇంటికి గడ్డుకాలం. అటువంటి సమయంలో అటువంటి పని చేయవచ్చునా అన్నదే ఈ టపాలో నా చర్చ.

మాది నల్లచెరువు. కదిరి నుంచి మదనపల్లె వెళ్ళే దారిలో ఉంటుంది. 2022 దాకా అనంతపురం జిల్లా, ఆపైన శ్రీ సత్యసాయి జిల్లా. నాయన సేద్యగాడు. 2023 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. బెంగళూరులో నా దగ్గర ఉంచుకొని వైద్యం చేయించాను. పగలు ఉద్యోగం, సాయంత్రం ఆసుపత్రి, రాత్రి లెక్కలు. నిద్ర పట్టేది కాదు. పట్టినా ఫోను మోగినట్టనిపించి మెలకువ వచ్చేది. వారానికి ఒక్క పూటైనా వేరే పని పెట్టుకోమని నాయనను చూస్తున్న వైద్యుడే నాకు చెప్పారు. నాతో పనిచేసే మిత్రుడొకరు దేవనహళ్ళి వైపున్న ఒక అశ్వశిక్షణశాలకు వెళుతుండేవారు. ఆయన వెంట నేనూ వెళ్ళాను. శనివారం ఉదయాలు నాయన దగ్గర మా చెల్లెలు కూర్చునేది.

చూడడానికి ఊరినుంచి వచ్చిన మామ ఒకాయన ఈ సంగతి విని, "ఏమబ్బీ, నాయన మంచాన పడింటే నీకు గుర్రాల సవారీ కావాల్సొచ్చెనా?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మా వైపు ఎవరైనా అడిగే ప్రశ్నే అది. దానికి నా సమాధానం కొంచెం పెద్దది కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి. నేను నేర్చుకున్నదాన్ని ఇంగ్లీషువారు డ్రెసాజ్ అంటారు. అది ఫ్రెంచి మాట. శిక్షణ అని అర్థం. పందెం కాదు, గెంతించడం కాదు. గుర్రాన్ని దాని సహజమైన నడకల్లోనే, రౌతు బరువు మోస్తూ కూడా సమతూకంతో, చిన్న సైగకు అర్థం చేసుకొని కదిలేలా తీర్చిదిద్దడం. దీన్ని తెలుగులో అశ్వశిక్ష అనవచ్చు. ఆ విద్య నేర్పేవాడికి వేరే మాట వెతుక్కోనక్కరలేదు. సాహిణి అన్న పాత మాట ఉండనే ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో కడప ప్రాంతంలోని వల్లూరును ఏలిన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులో ఉన్నది ఆ సాహిణే. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమనే అశ్వశాస్త్రమే రాశాడు. గుర్రం మనకు పరాయి జంతువేమీ కాదు. జట్కాలు పోయాక కళ్ళముందునుంచి తప్పుకున్నది, అంతే.

ఛందస్సంటే ఇష్టపడే మిత్రుల కోసం ఇంకొక సంగతి. గుర్రానికి ఐదు నడకలున్నాయని, వాటిని ధారలంటారని అమరకోశం చెబుతుంది. వల్గితం, ప్లుతం, ధౌరితకం మొదలైనవి ఆ పేర్లు. ఇప్పటి అశ్వశిక్షలో ప్రధానంగా మూడే లెక్క: నడక, ట్రాట్, కాంటర్. నడకలో నాలుగు గిట్టలూ ఒకదాని తరవాత ఒకటిగా నేలకు తాకుతాయి, నాలుగు దెబ్బలు. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి, రెండు దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, ఆపైన నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక్క క్షణం నిశ్శబ్దం. ఇక మన రగడల్లో హయప్రచారం, తురగవల్గనం అని రెండున్నాయి కదా. రెండింటికీ గుర్రం పేరే. రెండూ మూడు మాత్రల గణాల మీద నడిచేవే. మొదటిసారి కాంటర్‌లో కూర్చున్ననాడు ఆ మూడు దెబ్బలు నడుముకు తగులుతుంటే, ఆ పేర్లు పెట్టినవారు గుర్రమెక్కినవారే అయివుంటారని నాకు తోచింది. సంగీతానికీ, పద్యానికీ, గుర్రానికీ గతి అన్న ఒకే మాటను వాడుకోవడం మన భాష చేసిన మంచి పని.

ఇక విద్య సంగతి. ఇసక పరిచిన చదునైన ఆవరణ. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు. పెద్ద పోటీలకైతే అరవై మీటర్ల పొడవు. చుట్టూ ఏ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ అని అక్షరాల పలకలు. కె దగ్గర ట్రాట్ మొదలుపెట్టాలంటే సరిగ్గా కె దగ్గరే మొదలుపెట్టాలి, రెండడుగులు అటైనా ఇటైనా లెక్కకు రాదు. పోటీల్లో ఒక్కొక్క అంశానికి సున్న నుంచి పది దాకా మార్కులు వేస్తారు. బయటినుంచి చూసేవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక మనిషి కదలకుండా కూర్చుని ఉంటాడు, గుర్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మా చెల్లెలు ఒకసారి వచ్చి చూసి, "ఇంతేనా?" అంది. ఇంతే.

జర్మన్లు ఈ శిక్షణను ఆరు మెట్లుగా చెబుతారు. మొదటిది లయ. రెండవది సడలింపు, అంటే ఒంట్లోనూ మనసులోనూ బిగువు లేకపోవడం. మూడవది పగ్గం ద్వారా చేతికీ నోటికీ ఉండే స్పర్శ. నాలుగవది వెనక కాళ్ళనుంచి పుట్టే ఊపు. ఐదవది ఋజుత్వం. ఆరవది ఒళ్ళు కూడదీసుకొని తన బరువును వెనక్కు తీసుకోవడం. నన్ను ఆలోచింపజేసింది రెండవ మెట్టు. సడలింపును మనం కష్టాలన్నీ గట్టెక్కాక చివర దొరికే బహుమానంగా భావిస్తాం. ఆసుపత్రి పని తీరాక, అప్పు తీరాక, పెళ్ళిళ్ళయ్యాక అని వాయిదా వేస్తాం. ఇక్కడ అది రెండవ మెట్టు. అది లేనిదే పైనున్న నాలుగూ లేవు. గుర్రానికే కాదు, పైనున్నవాడికీ అదే నియమం.

ఎందుకంటే గుర్రం దగ్గర ఏదీ దాగదు. గత శతాబ్దారంభంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. యజమాని ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణితోపాధ్యాయుడు. లెక్క అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దలతో ఒక సంఘం వేసి పరీక్షిస్తే మోసమేమీ కనబడలేదు. చివరకు ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు గుట్టు విప్పాడు. గుర్రానికి లెక్కలు రావు. సరైన సంఖ్య దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవంత కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి తట్టడం ఆపేది. జవాబు తెలియనివాడు అడిగితే గుర్రానికీ తెలిసేది కాదు. ఈ కథను జనం గుర్రం తెలివితక్కువదని చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం వేరుగా అనిపిస్తుంది. పక్కనున్న పండితులకు కనబడని కదలికను ఆ జంతువు పట్టుకుంది. అటువంటి జంతువు వీపుమీద, ముందురోజు వచ్చిన స్కాన్ రిపోర్టును బుర్రలో పెట్టుకొని కూర్చున్నవాడి పరిస్థితి ఏమిటో ఊహించండి. పైనున్నవాడు ఊపిరి బిగబడితే అది చెవులు వెనక్కు తిప్పుతుంది, నడక పొట్టిదవుతుంది. ఊపిరి వదిలితే మెడ దించుతుంది.

నేను ఎక్కిన గుర్రం పందేల్లో పరుగెత్తి విరమించినది. పందెపు గుర్రాల్లో చాలావాటికి పగ్గం బిగిసేకొద్దీ ముందుకు తోసుకుపోవడమే తెలుసు. అంటే రౌతు గట్టిగా ఉండేకొద్దీ అది నాలుగు కాళ్ళమీద బుద్ధిగా నడవదు, మరింత ఉరుకుతుంది. సామెత సగమే నిజమని నేనన్నది ఇందుకే. అలాగని పగ్గం పూర్తిగా వదిలేస్తే అది ఎటు పోవాలో తెలియక కలవరపడుతుంది. వదలనూ కూడదు, లాగనూ కూడదు. ఈ విద్యలో హాఫ్‌హాల్ట్ అని ఒక సైగ ఉంది. సగం ఆపడం అనుకోండి. వెన్ను నిటారుగా చేసి, అరక్షణం కదలిక మానుకొని, వెంటనే వదిలేయాలి. "ఏదో రాబోతోంది, సిద్ధంగా ఉండు" అని గుర్రానికి చెప్పడం మాత్రమే అది. దాన్ని నేర్వడానికి నాకు మూడు నెలలు పట్టింది. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫొన్ అశ్వవిద్యపై రాస్తూ, బలవంతాన చేయించిన దానిలో గుర్రానికి అవగాహన ఉండదనీ, అందం అసలే ఉండదనీ, నాట్యం చేసేవారిని కొరడాతో కొట్టి ఆడించడంవంటిదనీ అన్నాడు. "రౌతు కొద్దీ గుర్రం" అని మనకే ఇంకొక సామెత ఉంది. అది పూర్తిగా నిజం.

ఇప్పుడు మామ ప్రశ్నకు వస్తాను. కష్టకాలంలో మనిషికి మనం సాధారణంగా చేసే హితబోధ రెండు రకాలు. ఒకటి, విశ్రాంతి తీసుకో. రెండు, మనసు మళ్ళించుకో. రెండూ మంచి మాటలే. కానీ విశ్రాంతికని పడుకున్నవాడి బుర్ర అదే చోట గానుగెద్దులా తిరుగుతుంది. సినిమాకు పోయి మనసు మళ్ళించుకుంటే బయటికి వచ్చేసరికి బరువు గుమ్మంలోనే కాచుకొని ఉంటుంది. నా ఉద్దేశంలో అటువంటప్పుడు మనిషికి కావలసింది తన దుఃఖంతో నిమిత్తం లేని ఒక కఠినమైన విద్య. తన సమస్తమైన శ్రద్ధనూ అడిగి, బదులుగా జాలి చూపనిది. ఆ నలభై అయిదు నిమిషాల్లో నేను నాయనను మరిచిపోయానని అనను. మరుపు వేరు, శ్రద్ధ వేరు. ఎడమ మడమ ఎక్కడుందో, గుర్రం లోపలి కన్ను ఎటు చూస్తున్నదో గమనించేవాడికి భయపడే తీరిక ఉండదు. అంతకుమించి నేను చెప్పగలిగింది లేదు.

ఇక్కడొక హెచ్చరిక. గుర్రంతో చికిత్స అంటూ ఈమధ్య మాటలు బాగా వినబడుతున్నాయి. నాకు ఆ మాట నచ్చదు. మందుసీసాలాగా గుర్రాన్ని వాడుకుందామని వెళ్ళేవాడికి అది ఏమీ ఇవ్వదు. దాని వీపు నొప్పి, దాని భయం, దాని గడ్డీ దాణా, దాని గిట్టలో ఇరుక్కున్న రాయి, ఇవి ముందు చూడాలి. ఎక్కే ముందు అరగంట మాలీసు, దిగాక అరగంట చాకిరీ. మన బాధను పక్కనపెట్టి ఇంకొక ప్రాణి బాధను చూడవలసి వస్తుంది కాబట్టే మనకు మేలు కలుగుతుంది. ఈ వరస తారుమారైతే రెండూ దక్కవు.

ఈ మాటకు చరిత్రలో తార్కాణం కావాలంటే డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ ఉంది. 1944లో గర్భవతిగా ఉండగా ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు పనిచేయడం మానేశాయి. అశ్వశిక్షలో సైగలకు కాళ్ళు ముఖ్యమైన ఆధారం. అయినా ఆమె మళ్ళీ గుర్రమెక్కింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇతరులు సాయం పట్టవలసి వచ్చేది. అంతవరకూ సైనికాధికారులకే పరిమితమైన ఒలింపిక్ డ్రెసాజ్‌లోకి 1952లో హెల్సింకీలో మొదటిసారి స్త్రీలను రానిచ్చారు. ఆ ఏడే, పురుషులతో కలిసి పోటీచేసి, ఆమె రజతం గెలిచింది. 1956లో మళ్ళీ రజతం. వికలాంగులకు గుర్రపుస్వారీ నేర్పే ఉద్యమానికి ఆమె స్ఫూర్తి అయింది. ఆమె చికిత్సకని వెళ్ళలేదు, తనకిష్టమైన విద్య కోసం వెళ్ళింది. తేడా అక్కడుంది.

మన దగ్గరికే వస్తే, సుమారు 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించి, బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో అటూ ఇటూ స్వారీ చేసేవాడట. అంత రాజ్యభారం మోసేవాడు పొద్దు మొదలుపెట్టింది మంత్రులతో కాదు, గుర్రంతో. ఆయన మనశ్శాంతికే ఎక్కాడని నేను వాదించను. ఆ భారం ఉన్నందువల్ల స్వారీ మానుకోలేదన్నదే నేను చెప్పదలచింది.

అయితే మన దగ్గర గుర్రం యుద్ధంతో ముడిపడిపోయింది. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని న్యూనిజ్ రాశాడు. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక రాజధాని మా పక్కనున్న పెనుకొండకు వచ్చింది. చిత్రమేమంటే వియన్నాలోని స్పానిష్ అశ్వశిక్షణశాల తన చరిత్రను లెక్కపెట్టుకొనేదీ ఆ 1565 నుంచే. వారి విద్యను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. యుద్ధంలో గుర్రానికి పని పోయాక వాళ్ళు విద్యను నిలుపుకున్నారు. మనకు రాజ్యంతోపాటు విద్యా పోయింది. బ్రహ్మోత్సవాల అశ్వవాహనం మీదా, శ్రీరంగంలోని శేషరాయ మండపపు స్తంభాల మీదా ముందుకాళ్ళు ఎత్తి నిలుచున్న గుర్రాలు మాత్రం మిగిలాయి. అందుకే 2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన నలుగురు పిల్లలు డ్రెసాజ్ జట్టు స్వర్ణం తెచ్చారని ఆసుపత్రి వరండాలో ఫోనులో చదివినప్పుడు నాకు ఆనందంతోపాటు ఆశ్చర్యమూ కలిగింది. గుర్రపుస్వారీలో మనకు 41 ఏళ్ళ తరవాత వచ్చిన స్వర్ణం అది.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇది డబ్బున్నవారి వేడుక అంటారు. నిజమే, చౌక విద్య కాదు. నేను వేరే ఖర్చులు తగ్గించుకొని వెళ్ళాను. అందరికీ ఆ వీలుండదు. ఇందులోనూ క్రూరత్వముందంటారు. అదీ నిజమే. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన షార్లట్ డుజార్డిన్ అంతటి ఆమె, శిక్షణలో గుర్రం కాళ్ళను కొరడాతో పదేపదే కొడుతున్న వీడియో బయటపడి, 2024 పారిస్ క్రీడలనుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆపైన ఏడాది నిషేధం పడింది. మార్కుల కోసం లయను, సడలింపును దాటేసి పై మెట్లకు ఎగబాకితే ఏమవుతుందో దానికది నిదర్శనం. విద్య చెడ్డదని దాన్నిబట్టి తేల్చలేం కానీ, ఆ విద్య మనిషిని దానంతటదే మంచివాణ్ణి చేయదని మాత్రం తెలుస్తుంది.

డబ్బు ప్రశ్నకు అసలైన జవాబు నాకు నాయన దగ్గర దొరికింది. ఒక సాయంత్రం వ్యాయామం చేయించేటప్పుడు ఆయన ముద్దమాటలతో, "దానికి ముకుదాడుంటుందా?" అని అడిగాడు. ఉండదనీ, నోట్లో ఇనుప కడ్డీ ఉంటుందనీ, దానికి పగ్గాలు కడతారనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, "పగ్గం ఉండల్ల. లాగగూడదు" అన్నాడు. నాయన తన చేతులమీదుగా ఎన్నో కోడెలకు మడక నేర్పినవాడు. కొత్త కోడెను పాత ఎద్దు పక్కన కట్టి, తొలి వారం మడక లేకుండానే ఒట్టి కాడితో పొలం చుట్టూ తిప్పేవాడు. చెర్నాకోల భుజాన ఉండేదే తప్ప కిందికి దిగేది తక్కువ. జర్మన్ల ఆరు మెట్ల సంగతి తెలియకుండానే మొదటి మూడూ ఆయనకు తెలుసు. ఈ విద్య గుర్రానికే, ధనవంతుడికే పరిమితమని అనుకోవడం మన చూపు పొరపాటు.

తరవాతి వారాల్లో నాయనను నడిపించేవాణ్ణి. వైద్యశాలలో నేర్పినట్టు మోచేతి కింద చేయి వేసి పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే ఆయన బరువంతా నామీదికి వాలుతుంది, తన కాలు తాను వాడడు. వదిలేస్తే పడతాడు. శనివారం నేర్చుకున్నదే ఆదివారం అక్కరకొచ్చింది. చేయి ఉండాలి, లాగకూడదు. ఆయన లయ దొరికేదాకా ఆగాలి. గది పొడవు పన్నెండడుగులు. దాన్ని దాటడానికి మొదట్లో మాకు ఏడెనిమిది నిమిషాలు పట్టేది. ఇప్పుడాయన నల్లచెరువులో మా ఇంటి వాకిట్లో చేతికర్రతో ఒక్కడే నడుస్తున్నాడు. కుడిచేయి ఇంకా పూర్తిగా రాలేదు. అది వైద్యుల గొప్పతనం, ఆయన పట్టుదల. గుర్రం ఖాతాలో నేను వేసేది ఒక్కటే: ఆయన అడుగు తడబడినప్పుడల్లా ఆయనకంటే ముందు నేను బెదిరిపోకుండా ఉండడం.

కనుక కష్టంలో ఉన్న మిత్రుడెవరైనా హఠాత్తుగా వీణ నేర్చుకుంటాననో, ఈత నేర్చుకుంటాననో, గుర్రమెక్కుతాననో అంటే, బాధ్యత మరిచాడని తొందరపడి అనకండి. బాధ్యతను మోయడానికి నడుము సరిచేసుకుంటున్నాడేమో. ఆ గంటసేపు అతని ఇంట్లో రోగి దగ్గర కూర్చోగలిగితే అంతకంటే పెద్ద ఉపకారం ఉండదు. మా చెల్లెలు నాకు చేసింది అదే.

చివరగా మాటల గురించి ఒక విన్నపం. ట్రాట్‌కు ధౌరితకమనీ, కాంటర్‌కు వల్గితమనీ వాడవచ్చునా? హాఫ్‌హాల్ట్‌కు అచ్చతెలుగు మాట ఏదైనా ఉందా? కోడెలకు మడక నేర్పినవారు, జట్కాలు తోలినవారు మీ ఇళ్ళలో ఉంటే ముందు వారిని అడగండి. నిఘంటువుల్లో లేని మాటలు వారి నోట ఉంటాయి. వారు ఉండగానే రాసిపెట్టుకుందాం.